పెట్టెయ్యనా మరి

వానాకాలంలో ఆ ఊరివాళ్లు గొడుగుని రెండు పనులకి వాడేవాళ్లు. ఒకటి వానకి. రెండోది టెలిఫోన్ తీగల కింద నడిచేటప్పుడు నెత్తిన పడే మాటలకి.

అవతలివాళ్లు ఫోన్ పెట్టేశాక కూడా మనుషులు ఊరుకోరు కదా. "ఇంకో మాట", "అది కాదు నేననేది", "విన్నావా" అంటూ ఇంకాస్త మాట్లాడతారు. వినే చెవి లేకపోయేసరికి ఆ మాటలు ఎటూ పోలేక తీగలోనే ఉండిపోతాయి. ఎండల్లో గమ్మున పడుంటాయి గానీ, నాలుగు చినుకులు పడ్డాయంటే నాని, బరువెక్కి, ఒక్కొక్కటే కిందికి కారతాయి. సందు మొగలో కుట్టుమిషన్ పెట్టుకున్నాయన నెత్తిమీద "ఒకసారి వచ్చి చూసిపోరాదూ" అనే మాట చాలా రోజుల నుంచీ పడుతోంది. ఆయన మిషన్ని కాస్త పక్కకి జరుపుకున్నాడు. అంతకంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు, చేతిలో కుట్టాల్సిన చొక్కాలు బోలెడున్నాయి.

వాటి సంగతి చూడ్డానికి వేరే మనిషి ఉన్నాడు. టెలిఫోన్ వాళ్ల లైన్‌మన్. స్తంభానికి నిచ్చెన వేసుకుని ఎక్కి, నడుముకి బెల్టు బిగించుకుని, తీగకి చెవి ఆనించి, ఆ మాటని చివరిదాకా విని "ఊఁ" అంటాడు. ఊఁ అనిపించుకున్న మాట తేలికపడి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. పని ఇంతే గానీ అందరివల్లా అయ్యేది కాదు. మధ్యలో అడ్డు తగలకూడదు, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు, తప్పెవరిదో తేల్చకూడదు. ఊళ్లో సగం కాపురాల గుట్టు అతనికి తెలుసు. నిచ్చెన దిగాక ఒక్కరి సంగతి కూడా అతని నోటినుంచి జారలేదు. పిల్లలు అతన్ని ఊఁమామ అని పిలిచేవాళ్లు.

ఈ ఊఁమామకి తోడబుట్టిన అక్క ఆ ఊరి ఆస్పత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తుంది. రోగులు ఆవిడని ఫొటోలక్క అంటారు. విరిగిన చెయ్యో కాలో ఫొటో తీసి, కడిగి, ఆరబెట్టి, స్కానర్ మీద పరిచి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. అక్కణ్నుంచి దాన్ని ఫోన్ లైన్లో పట్నంలోని ఎముకల పెద్ద డాక్టరుకి పంపాలి. ఇక్కడున్న డాక్టరుగారు జ్వరాలు చూస్తారు, పురుళ్లు పోస్తారు, కుట్లు వేస్తారు. ఎముకల దగ్గరికొచ్చేసరికి ఆయన ధైర్యం జావగారిపోతుంది.

పంపడమంటే మాటలు కాదు. "ఎవరూ ఫోనెత్తకండీ!" అని ముందు వసారాలోకి ఓ కేక వెయ్యాలి. మోడెమ్ నంబరు తిప్పుకుని, కీచుమని అరిచి, గరగరలాడి, ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. అప్పుడు తెర మీద ఒక నీలం గీత ఎడమనుంచి కుడికి పాకడం మొదలెడుతుంది. మోకాలు వెళ్లడానికి ఒక పూట పడుతుంది. నడుమైతే మర్నాడే. మధ్యలో ఎవరైనా రిసీవర్ ఎత్తారో, గీత చటుక్కున మాయమై మొదటికొస్తుంది. గీత పాకినంతసేపూ బయటివాళ్లు ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎంగేజ్ మోతే వినిపిస్తుంది.

అక్కా తమ్ముళ్లు పొద్దున లేస్తే ఒకే తీగ పట్టుకుని పనిచేసే మనుషులు. ఆమె ఒక కొసన, అతను దారి పొడుగునా. కానీ ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు.

ఏడాది కిందట వాళ్లమ్మకి గుండెనొప్పి వచ్చిన మధ్యాహ్నం, అక్క ఎవరిదో కాలు పంపుతోంది. తమ్ముడు ఊరి చివర ఎక్కడో స్తంభం మీద ఉన్నాడు. అమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఎంగేజ్. అతను ఇంటికొచ్చేసరికి ఆవిడ ఫోన్ పక్కనే, కుర్చీలో, రిసీవర్ ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయి ఉంది. ఆ దుఃఖంలో అక్క అంది: "ఊరందరికీ ఊఁ కొట్టావు కదరా, అమ్మకి కొట్టలేకపోయావు." తమ్ముడన్నాడు: "నీ లైను ఖాళీగా ఉంటే కదా." ఇద్దరూ అన్నది ఆ ఒక్కొక్క మాటే. అంతకంటే పెద్ద తిట్లు తిట్టుకున్న తోబుట్టువులు సాయంత్రానికి కలిసి భోంచేస్తారు. వీళ్లు మాత్రం ఎదురుపడితే తల దించుకుని పక్కకి తప్పుకోవడం మొదలెట్టారు.

అప్పట్నుంచీ ఆస్పత్రి లైను నెమ్మదించింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పూటలో వెళ్లే మోకాలు రోజంతా పట్టడం మొదలెట్టాక, డాక్టరుగారు టెలిఫోన్ వాళ్లకి ఫిర్యాదు చేశారు. ఊఁమామ వచ్చి, ఆస్పత్రి వెనకున్న స్తంభమెక్కి, చాలాసేపు ఉండి, దిగి వెళ్లిపోయాడు. లైను మాత్రం బాగుపడలేదు. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ నిచ్చెన. ఊళ్లో ఏ స్తంభం దగ్గరా అంతసేపు ఉండని మనిషి దీనిమీదే ఎందుకుంటున్నాడని ఎవరికీ అనుమానం రాలేదు. అతను పైన ఉన్నంతసేపూ ఎక్స్‌రే గది కిటికీ మూసే ఉండేది.

ఆ రోజు తెల్లవారిందగ్గర్నుంచీ ముసురు. వాగు పొంగి వంతెన మీద నీళ్లు పారుతున్నాయని, బస్సులు ఆగిపోయాయని అప్పటికే తెలిసింది. అక్క ఫిల్ములు ఆరబెడుతుంటే వెనకవైపు ధబ్బుమని చప్పుడైంది. ఆ వెంటనే నర్సమ్మ కేక.

స్తంభం మీంచి పడ్డ ఊఁమామని తలుపు రెక్క మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. తడిసిన నిచ్చెన జారింది. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. కళ్లు తెరిచే ఉన్నాడు. "కాళ్లు తెలియట్లేదు" అన్నాడు అతను. అది వింటూనే అక్క చేతులు వాటంతటవే మిషన్ తిప్పాయి, ఆవిడ చేతులే ఫొటో తీశాయి, ఊపిరి బిగబట్టమని ఎవరికైనా చెప్పినట్టే అతనికీ చెప్పింది ఆవిడ నోరు. ఏడాది తర్వాత తమ్ముడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

డాక్టరుగారు తడి ఫిల్మునే దీపానికి అడ్డం పెట్టి చూశారు. మెడలో ఒక ఎముక ఇంకోదాని మీదికి జరిగింది. ఆపైన అంతా మసక మసకగా ఉంది. ఆయన పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

"బరువులు కట్టి లాగితే సర్దుకోవచ్చు, లాగితే అక్కడికక్కడే పోనూవచ్చు" అన్నాడు పెద్ద డాక్టరు. "ఫొటో చూడకుండా నేనేం చెప్పనయ్యా? పంపండి. నేను సాయంత్రం బండికి వెళ్లిపోతున్నా, మళ్లీ వారం దాకా దొరకను. ఈలోగా రావాలి."

"రాకపోతే?"

"రాకపోతే మీ చేతుల్లో ఏముందో మీరు చెయ్యండి."

డాక్టరుగారు ఫోన్ పెట్టేసి చేతులు తుడుచుకున్నారు. అతని చేతివేళ్లు తెచ్చినప్పుడు కదిలాయి, ఇప్పుడు కుడిచేతివి కదలట్లేదు. లోపల వాపు పైకి పాకుతోంది. ఊపిరిదాకా వెళ్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. "చూస్తూ కూర్చోలేనమ్మా" అన్నారాయన అక్కతో, తల పైకెత్తకుండా. "సాయంత్రం లోపల ఆయన్నుంచి జవాబు రాకపోతే నేనే బరువులు కట్టేస్తా."

అక్క మోడెమ్ ముందు కూలబడింది. మోడెమ్ అరిచి, గరగరలాడి, లైను కలుపుకుంది. నీలం గీత అలా మొదలై అలాగే నిలబడిపోయింది. కాసేపటికి గోరంత కదిలింది. తర్వాత లైను తెగింది.

ఫొటో మొత్తం ఎందుకని మెడ వరకే కత్తిరించింది. అదీ వెళ్లకపోతే ఒక్క ఫైలుని చిన్న చిన్న ముక్కలు చేసింది, తెగినా ఒక ముక్కతో పోతుందని. ఇంకా మసక చేస్తే ఫైలు తేలికవుతుంది గానీ, డాక్టరుగారు వెనకనుంచి "మరీ మసక చేస్తే ఆయనకేం కనబడుతుంది తల్లీ, దానికంటే నా కళ్లే నయం" అన్నారు. మోడెమ్ వేగం తగ్గించి చూసింది. ఒక్కసారిగా ఎక్కువ పంపబోయి తడబడే బదులు తక్కువ తక్కువగా పంపమని దానికి చెప్పింది. మొదటి ముక్క వెళ్లింది. రెండోది సగంలో ఆగింది. ఈ లెక్కన మెడ పట్నం చేరేసరికి మనిషి ఉండడు. ఆ సంగతి అక్కకి అందరికంటే బాగా తెలుసు, ఏడాదిగా ఆ గీతని చూస్తూ కూర్చున్నది ఆవిడే.

ఎక్స్ఛేంజిలో కూచునే పిన్నికి ఫోన్ చేసింది. ఊరందరికీ ఆవిడ పిన్నే.

"నేను గమ్మునుంటా, రిసీవర్ చెవికి ఆనించి లైను విను అమ్మా" అంది పిన్ని. "ఏం వినిపిస్తోంది? బుసబుసా, గరగరా, మాటలా?"

"మూడూ ఉన్నాయి పిన్నీ."

"బుసబుస నా వైపుది, ఇక్కడ తీగల జత మార్చేస్తా. గరగరంటే మీ ఆస్పత్రిలోనే ఎక్కడో తడి ఉంది, చూసుకోండి. మాటలైతే..." పిన్ని ఆగింది. మాటలైతే పిలవాల్సిన మనిషి పక్కగదిలో కదలకుండా పడుకుని ఉన్నాడు. "వాడెలా ఉన్నాడమ్మా?"

అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఆస్పత్రినంతా తలకిందులు చేశారు. లైను మీద బరువు తగ్గాలని డాక్టరుగారి గదిలో ఫోన్ తీసేశారు, వార్డులోది తీసేశారు. తీగ వెంబడి వెళ్తే అది ఎవరికీ తెలియకుండా దుప్పట్ల బీరువాలోకి దూరింది. తెరిచి చూస్తే మడత దుప్పట్ల వెనక బుజ్జి ఫోన్ ఒకటి. నర్సమ్మ ముఖం కందిపోయింది.

"మా చెల్లెలితో ఎప్పుడైనా ఓ నాలుగు ముక్కలు..." అంది.

"దుప్పట్లు సర్దడానికి గంట ఎందుకు పడుతుందో ఇప్పుడు తెలిసింది" అన్నారు డాక్టరుగారు, దాన్ని పీకి కిటికీలోంచి విసిరేస్తూ. ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లు.

గోడమీది ఫోన్ డబ్బా మూత విప్పితే లోపల రాగి పచ్చగా చిలుముపట్టి ఉంది. స్పిరిట్‌తో తుడిచి, ఫిల్ములు ఆరబెట్టే బ్లోయర్ తెచ్చి దానిమీదికి తిప్పారు. గరగర పోయింది. పిన్ని జత మార్చింది, బుసబుస కూడా పోయింది. మళ్లీ కలిపితే నీలం గీత కాస్త చురుగ్గా కదిలింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. రెండో ముక్క వెళ్లింది, మూడోది వెళ్లింది. నాలుగో ముక్క దగ్గర గీత మళ్లీ చతికిలబడింది.

"మాటలు దులిపారా?" అని అడిగారు డాక్టరుగారు, ఫ్యూజు చూశారా అని అడిగినంత మామూలుగా.

అక్కా నర్సమ్మా వానలో వెనక్కి పరిగెత్తారు. నిచ్చెన ఇంకా కిందే పడి ఉంది. స్తంభానికి కట్టిన తీగల్లోంచి మాటలు ధారగా కారుతున్నాయి. ఆస్పత్రి లైను మరి. బయటికి చెప్పుకున్న బాధలన్నీ దాంట్లోనే ఉన్నాయి. "ఆపరేషన్ అక్కర్లేదన్నారు, విన్నావా", "ఒక్కడివీ భయపడకు", "నాకు ఇంటికి రావాలనుంది". ఇద్దరూ చెరోవైపు నిలబడి వింటూ ఊఁ అనడం మొదలెట్టారు. అక్క వైపు మాటలు ఒక్కొక్కటే తేలికపడి పోతున్నాయి. నర్సమ్మ వైపు మాత్రం అంతకంతకూ పెరుగుతున్నాయి.

"ఏమంటున్నావే నువ్వు?" అని అరిచింది అక్క.

"ఊఁ అనే అంటున్నా అక్కా. ఆడపిల్ల పుట్టిందంటే ఊఁ, ఎవరి పోలికా అన్నా..."

"అడక్కే! పుణ్యముంటుంది, ఏమీ అడక్కు. విని ఊరుకో."

ఎదురు ప్రశ్న వేస్తే ఏ మాటైనా కూర్చుని కథంతా చెప్తుంది. నర్సమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని, ముక్కుతోనే ఊఁ ఊఁ అంటూ ఆ కుప్పనంతా వదిలించింది. కారడం ఆగింది. పరిగెత్తుకెళ్లి చూస్తే గీత కొంచెం కదిలింది. నాలుగో ముక్క వెళ్లింది. ఐదోది సగానికొచ్చి నిలబడింది, ఇక అక్కణ్నుంచి కదిలితే ఒట్టు.

అక్క రిసీవర్ తీసి విన్నది. బుసబుసా లేదు, గరగరా లేదు. కానీ ఎక్కడో లోతున, గుడ్డలో చుట్టినట్టు, ఒక మాట ఉంది. ఏ మాటో తెలియట్లేదు. మనిషి గొంతని మాత్రం తెలుస్తోంది.

డాక్టరుగారు పక్కగదిలో ఇసుక సంచులు తూకం వేస్తున్నారు. తాడు మంచం తలవైపు కమ్మీకి కట్టేశారు. తూచిన సంచినే విప్పి మళ్లీ తూస్తున్నారు.

అక్క తమ్ముడి మంచం దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. వేరే దారి లేదు. లైను గురించి తెలిసినవాడు వాడొక్కడే.

"ఒరేయ్" అంది. మళ్లీ అంది. "ఒరేయ్, అన్నీ చేశాను రా. ఇంకేదో ఉంది లైన్లో. లోపలెక్కడో ఉంది. నీకు తెలుసా అదేంటో?"

అతను పైకప్పు వైపే చూస్తున్నాడు. చూడ్డానికి అతనికి మిగిలింది అదొక్కటే. ఊపిరి పైపైన ఆడుతోంది.

"తెలుసు."

"చెప్పు మరి!"

"వద్దులే అక్కా."

"వద్దేంటిరా? డాక్టరుగారు తాళ్లు కడుతున్నారు. నువ్వు పోతావురా!"

అతని కళ్లలోంచి నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. అక్క కొంగుతో తుడిచింది.

"అమ్మ" అన్నాడు. "ఆ రోజు నీకు చేసింది కదా. ఎంగేజ్ వచ్చింది. అయినా మాట్లాడింది. ఆ మోతలోకే మాట్లాడింది. అది మీ స్తంభం దాకా వచ్చి ఆగిపోయింది. నెల తర్వాత ఫిర్యాదుకొచ్చి ఎక్కితే... అమ్మ గొంతు."

అక్క కిటికీలోంచి స్తంభం వైపు చూసింది.

"ఊఁ అనలేకపోయా అక్కా. అంటే వెళ్లిపోతుంది కదా. ఇంకెవరైనా విని ఊఁ అనేస్తారేమోనని రబ్బరు టేపు చుట్టి స్తంభం మీది పెట్టెలో అడుగుకి తోసేశా. నీ లైను నెమ్మదైందని తెలుసు. రోగుల ఫొటోలు వెళ్లట్లేదని తెలుసు. అయినా తియ్యలేదు. వాన పడితే బాగా వినిపిస్తుంది. అందుకే ఇవాళ ఎక్కా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు ఊఁ అనేస్తావు. పని కదా నీకు."

ఆ మాట అక్క గుండెలో గునపంలా దిగింది. కానీ కోపం రాలేదు. ఎందుకంటే అది నిజం. ఏడాదిగా తమ్ముడు ఆ స్తంభం మీద కూర్చుని అమ్మ గొంతు వింటుంటే, తను ఈ కిటికీ మూసుకుని కూర్చుంది. వాడు తన లైను పాడుచేస్తున్నాడని తిట్టుకుంటూ కూర్చుంది.

"తీసెయ్యనా?" అని అడిగింది.

అతను కళ్లు మూసుకున్నాడు. "నాకు చావాలని లేదక్కా" అన్నాడు.

నర్సమ్మ నిచ్చెన నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. "నేనెక్కుతాలే అక్కా, నీవల్ల కాదు" అంది. "ఎవరి ఊఁ అయినా ఒకటే కదా. ఈసారి ఏమీ అడగను, నిజం."

"కాదే. అది నాకొచ్చిన ఫోను."

అక్క అంతవరకూ కుర్చీ ఎక్కి బల్బు కూడా మార్చిన మనిషి కాదు. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటుంటే ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కింది. పైన ఇనప్పెట్టె తలుపు తీసి, తీగల గుత్తి పక్కకి తోసి, అడుగున చెయ్యి పెట్టింది. పిడికిలంత ఉండ చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. టేపు పొరలు పొరలుగా విప్పింది. ఎంత జాగ్రత్తగా చుట్టాడో, గోళ్లు విరిగాయి విప్పేసరికి. చివరి పొర ఊడగానే తీగకి చెవి ఆనించింది.

"అమ్మాయ్" అంది అమ్మ.

అమ్మ గొంతే. పక్కగదిలోంచి పిలిచినట్టుంది.

"పనిలో ఉన్నావా తల్లీ. ఉంటావులే, ఎవరికో పాపం ఏ కాలో చెయ్యో విరిగుంటుంది. కానీలే, ముందు వాళ్లది చూడు. నాకేం లేదే, గుండెల్లో కాస్త బరువుగా ఉంటే ఊరికే చేశా. చెమట పడుతోంది. కుర్చీలో కూర్చున్నాలే. తమ్ముడింకా రాలేదు. వానొచ్చేలా ఉంది, వెధవ ఏ స్తంభం మీదున్నాడో. నేను నిద్రపోయినా వాడొస్తే భోజనం పెట్టు, అలిగినా సరే లాక్కొచ్చి పెట్టు. వాడికి ఆకలేస్తే చెప్పడం చేతకాదు." కాసేపు ఊపిరి చప్పుడు వినిపించింది. "ఈ కూతేమిటే, నీ మిషనేనా? బాగా అరుస్తోంది. సరే, నీ పని నువ్వు చూసుకో. మళ్లీ చేస్తాలే. పెట్టెయ్యనా మరి?"

తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు. అమ్మ అవతల రిసీవర్ పట్టుకుని జవాబు కోసం ఆగి ఉంది. ఏడాదిగా ఆగే ఉంది.

అక్కకి వంద అడగాలనుంది. చాలా నొప్పిగా ఉందా అమ్మా అని అడగాలనుంది. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, అమ్మ ఇంకాస్త మాట్లాడుతుంది. ఇంకోటి వేస్తే ఇంకాస్త. సాయంత్రం దాకా ఆ నిచ్చెన మీదే ఉండి మాట్లాడించవచ్చు. ఆ ప్రశ్నలన్నీ ఆవిడ నాలిక చివరిదాకా వచ్చాయి. కింద గదిలో డాక్టరుగారి సంచుల్లో ఇసుక పడుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది.

"ఊఁ" అంది అక్క. "పెట్టెయ్యమ్మా."

తీగ చేతిలో చల్లబడింది. అక్క నిచ్చెన మీద అలాగే ఉండిపోయి, తలని తడి కొయ్యకి ఆనించి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

కింద కిటికీ రెక్కలు దభాల్న తెరుచుకున్నాయి. "వెళ్తోంది!" అని అరిచారు డాక్టరుగారు. ఆయన కళ్లజోడు జారి ముక్కు కొసన వేలాడుతోంది. "అమ్మాయ్! ఐదోది వెళ్లింది, ఆరోది వెళ్తోంది, అబ్బ, పరిగెడుతోందమ్మా ఇది!"

వానలో నిలబడ్డ అందరూ కిటికీలోంచి ఆ నీలం గీతని చూశారు. ఆ లైన్లో అంత వేగంగా ఏదీ ఎప్పుడూ వెళ్లలేదు. చివరి ముక్క వెళ్లాక మోడెమ్ టక్కుమని లైను వదిలేసింది. ఫోన్ అప్పుడు ఖాళీ అయింది.

అది మోగేదాకా ఎవరూ కూర్చోలేదు. మోగగానే డాక్టరుగారు ఎత్తారు. పెద్ద డాక్టరు గొంతు గదంతా వినిపించింది.

"లాగారా? లాగలేదు కదా? లాగొద్దు! ఎముక ముక్క ఒకటి విరిగి నరం మీదికి తిరిగి ఉంది. లాగితే తెగిపోతుంది. ఆ బరువులు అవతల పారెయ్యండి. మెడకి రెండువైపులా సంచులు పెట్టి కదలకుండా కట్టండి, వాపుకి నేను చెప్పే ఇంజెక్షన్ ఇప్పుడే ఇవ్వండి. వాగు తగ్గగానే ఇక్కడికి పంపండి, నేను బండెక్కట్లేదు."

డాక్టరుగారు ఫోన్ పెట్టి, మంచానికి కట్టిన తాళ్లు తనే విప్పారు. విప్పి, గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డారు. కట్టిన ముడి ఎంత గట్టిదో ఆయనకే తెలుసు. తూకం వేసిన సంచులు మెడకి అటూ ఇటూ పెట్టడానికి పనికొచ్చాయి.

వాగు తగ్గింది. పట్నంలో మెడ కోసి ముక్క తీశారు. ఊఁమామ మళ్లీ నడవడానికి చాలాకాలం పట్టింది గానీ, నడిచాడు. అతని తల ఇప్పటికీ ఎడమవైపుకి కాస్త వాలి ఉంటుంది. కొత్తవాళ్లు చూసి, తాము చెప్పేది శ్రద్ధగా వింటున్నాడనుకుంటారు. అదీ నిజమే.

కానీ ఇదంతా తర్వాత. ఆ సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చాక, తడి చీర మార్చుకుని, అక్క మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో గిన్నె ఉంది. చెంచాతో పల్చటి గంజి నోటికి అందించింది.

"ఆకలి లేదక్కా" అన్నాడు.

"ఉంది. నీకు చెప్పడం చేతకాదు."

అతను మింగాడు. ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు. ఏడాదిపాటు విన్న మాట.

"వెళ్లిపోయిందా?" అని అడిగాడు.

"ఊఁ."

"పెట్టెయ్యమన్నావా?"

"ఊఁ."

కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత అతను మెల్లగా చెప్పడం మొదలెట్టాడు. ఆ రోజు తను ఏ స్తంభం మీదున్నాడో, ఎవరి మాటకి ఊఁ కొడుతున్నాడో, ఇంటికొచ్చి తలుపు తోసేసరికి అమ్మ ఎలా కూర్చుని ఉందో, అక్కని అన్న ఆ మాట నోరు దాటగానే మళ్లీ మింగేద్దామని ఎంత అనుకున్నాడో. ఊరందరి మాటలూ విన్న మనిషి, తన మాట చెప్పుకోవడానికి తడబడుతూ, వెనక్కి వెళ్తూ, చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఏదో అడగబోతూ గుమ్మంలోకొచ్చిన నర్సమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కెళ్లిపోయింది.

అక్క మధ్యలో అడ్డు తగల్లేదు, ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. అతను ఆగినప్పుడల్లా గిన్నెలో చెంచా తిప్పుతూ "ఊఁ" అంది.